మరదలి లాప్‌టాప్‌లో నేను పెట్టిన ప్రశ్న

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. ప్రేమ్ బజార్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఒక బెంగాలీ దాదా ఉన్నాడు. దాదా అంటే మా ఖరగ్‌పూర్‌లో అన్న. అతను చెయ్యని తప్పు అతని నెత్తిన పెట్టాను. అదీ అతని షాపులో, అతని కస్టమర్లంతా వింటూ ఉండగా, ఫోన్‌లో, మా మరదలి నోటితో. లాప్‌టాప్ పాడుచేసింది నేను. బాగుచేసిందీ నేనే. మధ్యలో పేరు పోగొట్టుకున్నది మాత్రం ఆ దాదా.

ఆ తప్పు వెనక ఒక అల్లరి ఉంది. అల్లరి సంగతి వేరు, తప్పు సంగతి వేరు అని అప్పట్లో అనుకునేవాణ్ణి. నా భార్య చెల్లెలితో వేళాకోళమాడడం నాకు పెళ్ళిలో దక్కిన హక్కు. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఇక్కడికి వచ్చిన మా కుటుంబాలన్నిటిలోనూ బావకి మరదలు, మరదలికి బావ ఉన్నదే అందుకన్నట్టు ఉంటుంది. నా పెళ్ళి పీటల దగ్గర చెప్పులు దాచడంతో మొదలైంది మా యుద్ధం. నా నెత్తిన జుట్టు సగం పోయినా, ఆమె కళ్ళజోడు పెట్టుకుని పిల్లలకి లెక్కలు చెబుతున్నా, అది ఆగలేదు.

ఆఖరి దెబ్బ ఆమెదే. ఒకసారి మా యింటికి వచ్చి, నేను స్నానానికి వెళ్ళినప్పుడు నా ఫోన్ తీసుకుని, తాను ఫోన్ చేస్తే మేక అరిచేలా పెట్టింది. మర్నాడు మా రైల్వే ఆఫీసులో సాహెబ్ అందరినీ పిలిచి క్రమశిక్షణ గురించి మాట్లాడుతుండగా, సరిగ్గా అప్పుడే ఫోన్ చేసింది. నా ప్యాంటు జేబులో మేక అరిచింది. నేను ఫోన్ బయటికి లాగేదాకా అరుస్తూనే ఉంది. అప్పటినుంచి నేను టీకి లేచినప్పుడల్లా ఏదో ఒక టేబుల్ దగ్గర "మే" అని వినిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు కూడా అంటున్నారు. వాళ్ళకి ఎవరు నేర్పుతున్నారో తెలియదు.

బదులు తీర్చుకోవలసిన వంతు నాది.

మరదలి లాప్‌టాప్ నేను చూసి కొనిపించినదే. పాతది. మామూలు సిస్టమ్‌తో అది నడవలేక రొప్పుతుంటే, దాన్ని తీసేసి లినక్స్ అనే తేలిక సిస్టమ్ ఎక్కించి ఇచ్చాను. ఆఫీసులో కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో మౌస్ లేకుండా, నల్ల తెర మీద ఆజ్ఞలు టైపు చేసి పని చేయించడం నేర్చుకున్నాను. ఇంట్లో నన్నెవరూ లెక్కచెయ్యని చాలా విషయాల మధ్య, ఆ ఒక్క విషయంలో నా మాట చెల్లుతుంది. ఆ లాప్‌టాప్‌కి కొన్ని మీటలు పడడం మానేస్తే, ముందువారమే ఆమె ప్రేమ్ బజార్ దాదా దగ్గర కీబోర్డు మార్పించింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకున్నాను, అదే దాదా కొంప ముంచింది.

మరదలు ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో ఉంటుంది. చిన్న ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఒక పెద్ద స్కూలు వాళ్ళు ఆమెను ఇంటర్వ్యూకి పిలిచారు. మధ్యాహ్నం పన్నెండు గంటలకి ఆన్‌లైన్‌లో వాళ్ళ ముందు ఒక పాఠం చెప్పాలి. తన యింట్లో నెట్ నిలకడగా ఉండదని, ముందు రోజు సాయంత్రమే లాప్‌టాప్ పట్టుకుని ట్రాఫిక్ సెటిల్‌మెంట్‌లోని మా క్వార్టర్‌కి వచ్చేసింది. పాఠానికి కావలసిన బొమ్మలు, లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ పకోడీలు వేయడానికి వంటింట్లోకి వెళ్ళారు. లాప్‌టాప్ తెరిచి ఉంది. నేనూ అక్కడే ఉన్నాను.

మనం పాస్‌వర్డ్ కొట్టిన తరువాత, బొమ్మలూ కిటికీలూ కనబడేముందు, కంప్యూటర్ ఒక చిన్న ఫైలు చదువుకుంటుంది. డ్యూటీకి వచ్చినవాడు నోటీసు బోర్డు చూసుకుని లోపలికి వెళ్ళినట్టు. ఆ బోర్డు మీద నేను నా నోటీసు అంటించాను. ఆరు వరుసలు. పాస్‌వర్డ్ కొట్టగానే తెర మధ్యలో ఒక చిన్న పెట్టె వస్తుంది. "ఖరగ్‌పూర్ మొత్తం మీద మా బావంత తెలివైనవాడు లేడని ఒప్పుకుంటున్నాను" అని ఉంటుంది. కింద రెండు బొత్తాలు: అవును, కాదు. అవును నొక్కితే కంప్యూటర్ లోపలికి రానిస్తుంది. కాదంటే మళ్ళీ పాస్‌వర్డ్ దగ్గరికి గెంటేస్తుంది.

ఎంత సొగసుగా ఉందో! ఇంటర్వ్యూకి ముందు కంగారులో ఉంటుంది, తిడుతూనే అవును నొక్కుతుంది. నేను పక్కనే కూర్చుని టీ తాగుతుంటాను. దీన్ని ముందే నా కంప్యూటర్‌లో పరీక్షించాను, దివ్యంగా పనిచేసింది. ఆమె లాప్‌టాప్‌లో పరీక్షించలేదు. ఈలోగా పకోడీల పళ్ళెం వచ్చేసింది. జీవితమంతా రైల్వేలో పనిచేశాను. పక్క లైన్లో బండి బాగా వెళ్ళింది కదా అని ఈ లైన్లో బండి వదిలేవాణ్ణి రైల్వే ఏమంటుందో నాకు తెలుసు.

మర్నాడు నాకు సెలవు. టిఫిన్ అయ్యాక మరదలు లాప్‌టాప్ ముందు కూర్చుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని, ఆమె కేక కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. కేక రాలేదు. టకటకా మీటలు కొట్టిన చప్పుడు, మౌనం, మళ్ళీ టకటకా.

"బావా, ఏటిది? పాస్‌వర్డ్ కొడతన్నాను, తీసుకుంటంది, మళ్ళీ బైటికి తోసేస్తంది."

"తప్పు కొడతన్నావేమో సూడు."

"తప్పు కొడితే తప్పని సెప్తాది కదేటి! ఇది తప్పనట్లేదు. రా రా అని పిలిసి మెడ పట్టుకుని గెంటేస్తంది."

పేపరు దించి చూశాను. పాస్‌వర్డ్ కొట్టింది. తెర నల్లబడింది. ఒక్క క్షణం. మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతూ అదే గడి. నా పెట్టె లేదు, నా ప్రశ్న లేదు, బొత్తాలు లేవు.

అప్పుడర్థమైంది. పెట్టె చూపించే చిన్న ప్రోగ్రాం నా కంప్యూటర్‌లో ఉంది, ఆమెదాంట్లో లేదు. పెట్టె రాకపోతే జవాబు లేదు. జవాబు లేకపోతే 'కాదు' అన్నట్టే లెక్క. అలా రాసింది నేనే. ఆమె పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ, ఆమెని అడక్కుండానే, ఖరగ్‌పూర్‌లో బావంత తెలివైనవాడు లేడన్న మాట అబద్ధమని కంప్యూటర్ తనంతట తాను తేల్చి, ఆమెని బయటికి పంపేస్తోంది. ఆ తీర్పులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు.

ఆ క్షణంలో నిజం చెప్పేస్తే ఈ కథ అక్కడితో అయిపోయేది. నాలుగు తిట్లు తినేవాణ్ణి. కానీ ఆమె కళ్ళలో నీళ్ళు కనబడ్డాయి. పన్నెండుకి పాఠం. ఇది మేక అరిచినంత తేలిక కాదని అప్పుడు తట్టింది నాకు. భయం వేసింది. భయపడినప్పుడు నా నోరు నాకంటే ముందు నడుస్తుంది. అది నాకు చిన్నప్పటినుంచి ఉన్న జబ్బు.

వంటింట్లోంచి మా ఆవిడ అడగనే అడిగింది. "ఏటండీ, నిన్న పకోడీలేసినప్పుడు ఆ డబ్బా ముందర మీరే కదేటి కూకున్నారు? ఏటి సేసినారు?"

"నానేటి సేస్తాను? టైం సూసినాను. మొన్న కీబోర్డు మార్సింది ఎవులు? ఆ ప్రేమ్ బజార్ దాదా కాదేటి? ఆడే లోపలేదో కెలికేసుంటాడు."

మాట బయటికి వచ్చేసింది. వెనక్కి తీసుకునే వీలుండగానే మరదలు ఫోన్ చేతిలోకి తీసుకుంది.

దాదాకి ఒక అలవాటుంది. రెండు చేతులూ ఎప్పుడూ ఏదో ఒక కంప్యూటర్ పొట్టలో ఉంటాయి కాబట్టి, ఫోన్ గాజు బల్ల మీద పెట్టి, స్పీకర్లోనే మాట్లాడతాడు. ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గర షాపు. పొద్దుటిపూట అక్కడ కుర్రాళ్ళు సైకిళ్ళు నిలబెట్టి గుంపుగా ఉంటారు. అతనికి ఎవరేం చెప్పినా బజారంతా వింటుంది. మామూలుగా అతనికది ఇష్టం. వచ్చేవన్నీ పొగడ్తలే కనుక.

"దాదా! ఏటి సేసినావు నా లాప్‌టాప్‌ని?" మరదలు కోపంలో తెలుగు, హిందీ, బెంగాలీ మూడూ కలిపేస్తుంది. "కీబోర్డు మార్సమంటే లోపలంతా నాశనం సేసి ఇస్తావేటి? ఇయ్యాల నాకు ఇంటర్వ్యూ! తెలీని పని నీకెందుకు?"

"అరే దీదీ! మా కాళీ మీద ఒట్టు, కీబోర్డే మార్చాను. లోపల చెయ్యే పెట్టలేదు!"

"మరెవులు పెట్టినారు? దెయ్యం పెట్టిందా?"

దెయ్యం ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చుని ఉంది. అవతల షాపులో ఎవరో నవ్వారు. ఒక కుర్రగొంతు హిందీలో, "దాదా, నా లాప్‌టాప్ ఇచ్చెయ్యండి, రేపెప్పుడైనా తెస్తాను" అంది. "రుకో భాయ్, అరే రుకో" అని అతన్ని ఆపబోతున్న దాదా గొంతు. ఫోన్ కట్ అయింది.

నేనిక కూర్చోలేకపోయాను. "లెగు, నాను సూస్తాను" అన్నాను. అన్న తీరులో పెద్ద డాక్టరు గదిలోకి వచ్చినంత దర్జా ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మూడు మీటలు కలిపి నొక్కితే లినక్స్‌లో బొమ్మల తెర పక్కకి తప్పుకుని, ఉత్త నల్ల తెర వస్తుంది. నొక్కాను.

"సచ్చిపోయిందేటి బావా?"

"సావలేదు. మేకప్ తీసేసింది."

ఆమె తన పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టేముందు నా గడ్డం పట్టుకుని మొహం గోడవైపు తిప్పింది. ఆ పరిస్థితుల్లో కూడా. కొట్టింది. నల్ల తెర ఒక్కసారి మినుకుమని మళ్ళీ పేరు అడిగింది. ఇక్కడా గెంటేసింది! ఈ తలుపు దగ్గర కూడా కంప్యూటర్ అదే నోటీసు బోర్డు చదువుతుందని నాకప్పుడు గుర్తొచ్చింది. నేను పెట్టిన కాపలావాడు నిజాయితీపరుడు. నన్ను కూడా వదల్లేదు.

"నీకు రాదేమో ఒగ్గేయ్ బావా. నాను ఫోన్లోనే ఏదోనాగ సెప్పుకుంటాను," అంది మరదలు.  బొమ్మలు లేకుండా, లెక్కలు లేకుండా, అంత చిన్న ఫోన్‌లో, ఎన్నాళ్ళగానో కోరుకున్న ఉద్యోగానికి పాఠం.

"వస్తాది. నువ్వుండు."

కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి, లేస్తుండగానే మీట నొక్కిపెట్టి, మరమ్మతుల దారిలోకి వెళ్ళాను. అక్కడ పాస్‌వర్డూ అడగదు, నోటీసు బోర్డూ చదవదు. నల్ల తెర మీద root అనే పేరు, పక్కన మినుకుమనే గీత. ఆ పేరుతో లోపలికి వెళ్ళినవాడు ఆ కంప్యూటర్‌కి సర్వాధికారి. ఏ గదైనా తెరవచ్చు. మరదలి గదిలోకి వెళ్ళి ఆ ఫైలు తెరిచాను. నా ఆరు వరుసలూ అడుగున ఉన్నాయి. ఆమె నా భుజం మీదుగా తొంగిచూస్తోంది.

కానీ ఆ నల్ల తెరకి తెలుగు రాదు. నా ప్రశ్న, అవును, కాదు, అన్నీ చిన్న చిన్న డబ్బాలుగా వరుసగా కనిపించాయి.

"ఆ డబ్బాలేటి బావా?"

"అదే. ఆడు పెట్టిన సెత్త."

"బెంగాలీయేటి?"

నేనేమీ అనకుండా ఉండవచ్చు. తల ఊపకుండా ఉండవచ్చు. "అయ్యుంటాది," అన్నాను. నా తెలుగుని నేనే బెంగాలీ చేసేశాను.

ఆ వరుసలు చెరిపెయ్యాలి. నాకు ఆఫీసు అలవాటొకటుంది, ఏ కాగితాన్నీ చింపను, రద్దు అని గీత గీసి ఉంచుతాను. అలాగే ప్రతి వరుస ముందూ ఒక గుర్తు పెట్టాను. ఆ గుర్తు ఉంటే కంప్యూటర్ ఆ వరుసని పట్టించుకోదు. భద్రపరచమన్నాను. కుదరదంది. ఆ దారిలో వెళితే డిస్కు చదవడానికే తెరుచుకుంటుంది, రాయడానికి కాదు. నా తప్పు నా ఎదురుగా ఉంది, చూడవచ్చు, ముట్టుకోకూడదు. 

"పదకొండున్నర దాటిపోనాది," అంది మా ఆవిడ, గుమ్మంలో గరిటె పట్టుకుని.

ఫైలు మూసి, mount -o remount,rw / అని కొట్టాను. డిస్కుని మళ్ళీ, ఈసారి రాయడానికి కూడా వీలుగా తెరవమని. మొదటిసారి వేళ్ళు తడబడి తప్పు కొట్టాను, కసురుకుంది. రెండోసారి ఏమీ అనలేదు. నల్ల తెర ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు. మళ్ళీ ఫైలు తెరిచి, మళ్ళీ ఆరు గుర్తులూ పెట్టి, భద్రపరిచి, reboot అని కొట్టాను. కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచింది.

పాస్‌వర్డ్. నల్లదనం. ఆ తరువాత ఆమె పిల్లల బొమ్మ, దాని మీద పాఠం ఫైళ్ళు, ఎక్కడివక్కడ.

మరదలు నా వీపు మీద ఒక్కటిచ్చింది. "బావా! నిజింగా సెప్తన్నాను, ఖరగ్‌పూర్ మొత్తం మీద నీయంత తెలివైనోడు లేడు!"

అక్షరం అక్షరం అదే మాట. ఏ పెట్టే లేకుండా, ఏ బొత్తామూ నొక్కకుండా. ఆ మాట చెప్పించడానికే నేను ఇదంతా చేశాను. విన్నాక నాకు అక్కణ్ణుంచి లేచి ఎటైనా వెళ్ళిపోవాలనిపించింది. ఎటు వెళ్ళడానికీ లేదు, లుంగీలో ఉన్నాను.

ఆమె పాఠం చెప్పింది. తలుపు వేసుకుని చెప్పినా, పక్క గదిలోకి వినిపించింది. కొన్ని నిమిషాలు ఆలస్యమైనందుకు క్షమాపణ చెబుతూ, రిపేరు షాపువాళ్ళు లాప్‌టాప్ పాడుచేశారని అవతలివాళ్ళకీ ఇంగ్లీషులో చెప్పింది. నా అబద్ధం చదువుకుని ఊరు దాటింది. మధ్యాహ్నం భోజనంలో మా ఆవిడ చేపల పులుసులో తలకాయ నా కంచంలో వేసింది. మా యింట్లో అది గొప్ప పని చేసినవాళ్ళకి వేస్తారు. ఆ చేప నా వైపే చూసింది.

నేనింకా చెయ్యి కడుక్కుంటుండగా వీధిలో సైకిల్ బెల్లు ఆగకుండా మోగింది. దాదా. అంత ఎండలో ప్రేమ్ బజార్ నుంచి తొక్కుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇతను నోరులేని మనిషేం కాదు. షాపు బోర్డు చెప్పేదానికంటే తన గొప్ప తానే ఎక్కువగా చెప్పుకుంటాడు, కస్టమర్లు నేర్పిన తెలుగు నాలుగైదు రకాలుగా మాట్లాడతాడు, కోపమొస్తే అన్ని రకాలూ ఒకేసారి మాట్లాడతాడు.

"బౌదీ! దాదా కోథాయ్?" అన్నాడు గుమ్మంలో నిలబడి మా ఆవిడతో. వదినా, అన్న ఎక్కడ అని.

దాదా, అంటే నేను, అప్పటికే పెరట్లో కరివేపాకు మొక్కని చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాను.

"ఏటండీ! దాక్కున్నారేటి? రండి!"

వెళ్ళాను. దాదా కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. "నా షాపులో పొద్దున్న ముగ్గురున్నారు. ఒకడు లాప్‌టాప్ తీసుకుని ఎదుటి షాపుకి పోయాడు. నా కళ్ళ ముందర! ఎదుటి షాపుకి! మిగతా ఇద్దరు నవ్వారు. దీదీ, నేను ఏం పాడుచేశానో చూపించు. నా తప్పుంటే కాళ్ళు పట్టుకుంటాను. లేకపోతే..." లేకపోతే ఏం చేస్తాడో అతనికే తెలిసినట్టు లేదు. గొంతు తగ్గింది. "ఆ బజారులో నాకు షాపు నా పేరు మీదే నడుస్తుంది దీదీ. వేరే ఏమీ లేదు."

"బావే సూసినాడు," అంది మరదలు. "లోపల బెంగాలీలో ఏదో రాసుంది."

"బెంగాలీలోనా? నేనా? నేను సరుకుల చీటీ కూడా ఇంగ్లీషులో రాస్తాను!" నా వైపు తిరిగాడు. "ఏ ఫైలు?"

చెరిపేశానని చెప్పవచ్చు. గుర్తులేదని చెప్పవచ్చు. రెండూ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. అతను నుదుటి చెమట తుడుచుకుంటూ నా జవాబు కోసం నిలబడ్డాడు. అతని చేతిలో ఇంకా స్క్రూడ్రైవరు అలాగే ఉంది, షాపులోంచి దానితోనే వచ్చేశాడు.

ఏ ఫైలో చెప్పాను. "తెరువు దాదా. అడుగున ఉంటాది. ఆరు వరుసలు."

అతను తెరిచాడు. ఇప్పుడు తెర నల్ల తెర కాదు. తెలుగు అక్షరాలు ఏ డబ్బాలూ లేకుండా, గుండ్రంగా, శుభ్రంగా కనబడ్డాయి. దాదా కళ్ళు చిట్లించాడు. "ఎటా బాంగ్లా? ఇది బెంగాలీ అన్నది ఎవరు? దీదీ, చదువు."

మరదలు కళ్ళజోడు సర్దుకుని బడిలో పాఠం చదివినట్టు పైకి చదివింది. "ఖరగ్‌పూర్ మొత్తం మీద మా బావంత తెలివైనవాడు లేడని ఒప్పుకుంటున్నాను. అవును. కాదు."

ఒప్పుకోవడానికి కూడా నాకు నా గొంతు సరిపోలేదు. ఆమె గొంతే వాడుకున్నాను, పొద్దున తిట్టించినప్పుడు వాడుకున్నట్టే.

మొదట మా ఆవిడ నవ్వింది. గుమ్మం పట్టుకుని నవ్వింది. దాదాకి ఎవరో అర్థం చెప్పాలి కాబట్టి, నవ్వు మధ్య మధ్యలో ఆవిడే హిందీలో చెప్పింది. దాదా మొహం ఎర్రబడి, తరువాత విప్పారి, మళ్ళీ ఎర్రబడింది. నవ్వాలో కొట్టాలో అతనికి తేలలేదు.

మరదలు నవ్వలేదు.

"మేక అరిపించింది నాను. నామీద ఆడుకో బావా, ఎంతకైనా ఆడుకో. పొద్దున్న నువ్వే సేసినానని సెప్పుంటే ఏడుస్తానే అయినా నవ్వుదును. ఈ మనిసి మనకేటవుతాడు? బావా? మరిదా? ఈయన మీద ఎందుకాడినావు? అదీ నా నోటితోటి?"

 అల్లరి వేరు, తప్పు వేరు అని నేను పెట్టుకున్న లెక్క అక్కడ తెగిపోయింది. వేళాకోళం ఇద్దరి మధ్య ఉన్నంతసేపే వేళాకోళం. తప్పించుకోవడానికి మూడోమనిషిని మధ్యకి లాగానో, నేను బావనూ కాను, ఆమె మరదలూ కాదు. ఆ లాప్‌టాప్ పాడుచేసినవాణ్ణి మాత్రమే.

"దాదా, నన్ను క్షమించు," అన్నాను. "ఇప్పుడే ఫోన్ చేసి..."

"ఫోన్‌లో వద్దు. షాపులో చెప్పు. నా బల్ల ముందర. జోరే జోరే," అన్నాడు. అంటే గట్టిగా. ఆ తరువాత కూర్చుని, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, మా ఆవిడ పెట్టిన పులుసన్నం తిని వెళ్ళాడు. చేప తల నా కంచంలో ముట్టకుండా మిగిలింది కానీ, దాన్ని అతనికి వెయ్యడం బాగుండదని, ఇంకో మంచి ముక్క వేసింది.

ఆ సాయంత్రమే మరదలు స్కూలువాళ్ళకి మెయిలు పెట్టింది. ఆలస్యానికి కారణం షాపు కాదని, తన బావ చేసిన పరాచికమని. వద్దు, ఉద్యోగం పోతుందేమో అని నేనన్నాను. "నీకు ఈపాటి బుద్ధి పొద్దున్నుండాలి," అంది. (ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూ చేసినాయన చేరిన మొదటిరోజే మీ బావ బాగున్నారా అని అడిగాడట.)

మర్నాడు డ్యూటీ దిగి ప్రేమ్ బజార్ వెళ్ళాను. దాదా నాకు గాజు బల్ల పక్కన ప్లాస్టిక్ స్టూలు వేశాడు. వచ్చిన ప్రతి కస్టమర్‌కీ నేను చెప్పాలి: ఈ దాదా నా మరదలి లాప్‌టాప్ పాడుచెయ్యలేదు, నేను పాడుచేశాను, అతని మీదికి నెట్టాను. మొదటివాడికి చెప్పేసరికి చెవులు కాలిపోయాయి. హిందీలో ఒకసారి, బెంగాలీలో ఒకసారి, గుంటూరునుంచి చదువుకోవడానికి వచ్చిన అబ్బాయికి తెలుగులో ఒకసారి. చెబుతున్నకొద్దీ నాకు తెలియకుండానే నా తప్పు కాస్త చిన్నదవుతూ వచ్చింది. దాదా తల ఎత్తకుండానే సరిదిద్దేవాడు. "బెంగాలీ సంగతి వదిలేశారు దాదా. అది చెప్పండి." అది కూడా చెప్పేవాణ్ణి.

ఎదుటి షాపుకి వెళ్ళిపోయిన కుర్రాడు రాలేదు. రోడ్డు దాటి ఆ షాపుకి వెళ్ళి, ఆ కుర్రాడెవరో కనుక్కుని, మళ్ళీ రెండోరోజు వెళ్ళి అతన్ని పట్టుకుని చెప్పాను. పడీపడీ నవ్వాడు. నవ్వి, తన లాప్‌టాప్ వీళ్ళు అప్పటికే విప్పేశారని, ఇక ఇక్కడే కానిస్తానని అన్నాడు. ఆ కస్టమర్ దాదాకి తిరిగి రాలేదు. ఆ ఒక్కటీ నేను సరిచెయ్యలేకపోయాను.

వచ్చిన ఆదివారం, మరదలు వేసిన శిక్ష ప్రకారం, నా కంప్యూటర్ సంచిలో పెట్టుకుని దాదా షాపుకి తీసుకెళ్ళాను. నా నోటీసు బోర్డు మీద అంటించవలసిన మాట మరదలు ఫోన్‌లో చెప్పింది. ఫోన్ గాజు బల్ల మీద, స్పీకర్లో. అక్కడున్నవాళ్ళంతా వింటుండగా, నేనే టైపు చేశాను: "ప్రేమ్ బజార్ దాదా ఏ తప్పూ చెయ్యలేదు. చేసింది నేను." కింద ఒకటే బొత్తాం: అవును. నేను రాసింది సరిగ్గా ఉందని దాదా నా మాట మీద నమ్మలేదు. గుంటూరు అబ్బాయిని పిలిచి చదివించుకున్నాడు. చదివించుకున్నాక కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసి, నాచేత పాస్‌వర్డ్ కొట్టించి, పెట్టె వచ్చిందో లేదో చూశాడు. వచ్చింది. ఇంకోసారి ఆపి, ఇంకోసారి చూశాడు. ఆ తరువాతే నా చేతికిచ్చాడు.

ఆ వరుసలు తీసెయ్యడం నాకెంతసేపు పని? ఈ నాలుగు ముక్కలూ రాయడానికి పొద్దున కంప్యూటర్ తెరిచినప్పుడు కూడా పెట్టె వచ్చింది. అవును నొక్కి లోపలికి వచ్చాను.